పనిపాట నుంచి ట్రాన్సిస్టరు దాకా: కావలి తీరంలో వినికిడి చరిత్ర

‘పనీపాటా’ అనే జంటమాటను మీరు రోజూ వాడుతూనే ఉంటారు. ఊరికే కూర్చున్నవాణ్ణి ‘పనీపాటా లేదా?’ అని కసురుకుంటాం. ఇందులోని ‘పాట’ గానం కాదనీ, శ్రమ అనే అర్థమున్న ‘పాటు’ నుంచి వచ్చిందనీ చెప్పేవారు ఉన్నారు. వ్యుత్పత్తి ఏదైనా, మన పల్లెల్లో శ్రమా గానమూ విడివిడిగా ఉండేవి కావు. ఈ పాఠంలో మనం చూడబోయేది సంగీత చరిత్ర కాదు, వినికిడి చరిత్ర. సామాన్యులు ఒంటి అలసటను, మనసులోని ఆందోళనను తగ్గించుకోవడానికి శబ్దాన్ని ఎలా వాడుకున్నారన్నది మన ప్రశ్న. దీనికి ఉదాహరణగా నెల్లూరు జిల్లాలోని కావలిని, దాని తూర్పున ఉన్న తీరాన్ని తీసుకుందాం.

చేతులకు ఊతమైన పాట

కావలి నుంచి తూర్పుకు వెళ్తే తుమ్మలపెంట దగ్గర సముద్రం కనబడుతుంది. మోటారు పడవలు రాకముందు ఈ తీరమంతా తెప్పల మీద, ఒడ్డు నుంచి లాగే పెద్ద వలల మీద బతికింది. పదుల మంది ఒక్క తాడు పట్టుకొని లాగేటప్పుడు అందరి బలమూ ఒకే క్షణంలో పడాలి. ‘ఐలేసా’ అనే కేక ఆ క్షణాన్ని నిర్ణయిస్తుంది. ఒకరు అందిస్తారు, మిగిలినవారు అందుకుంటారు. లాగేటప్పుడు ఊపిరి బయటికి, వదిలేటప్పుడు లోపలికి. మెట్ట పొలాల్లో ఏతాం తొక్కేవారి పాట ఎన్ని బానలు తోడారో లెక్క కూడా చెప్పేది. తిరగలి పాట, దంపుళ్ల పాట, నాట్ల పాట ఇదే కోవలోవి.

బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాలపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, 1950లలో డాక్టరేటు పొందారు. ఆయన, నేదునూరి గంగాధరం వంటి సేకర్తలు మనకు పాటల మాటలను దక్కించారు. అయితే కాగితం మీద ఆ పాట చదివితే అందులోని పని మీకు వినబడదు. పల్లవి అన్నిసార్లు తిరిగి రావడం చదివేవారికి విసుగు. రోకలి ఎత్తిన చేతికి మాత్రం అదే ఊతం. తిరగలి దగ్గర పాడిన పాటల్లో అత్తవారింటి కష్టాలు, పుట్టింటి బెంగ ఎక్కువగా వినిపించడం కూడా గమనించండి. నోరు విప్పి చెప్పుకోలేనిది పాటగా చెప్పుకోవడానికి కోడలికి అక్కడ వీలు దొరికింది. రాయి తిరిగే చప్పుడు కొంత మరుగు కూడా ఇచ్చింది.

పనికీ పాటకూ ఉన్న ఈ బంధాన్ని పారిశ్రామిక దేశాలు తర్వాత యంత్రంతో తిరిగి కట్టాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1940 జూన్‌లో, బి.బి.సి. ఫ్యాక్టరీ కార్మికుల కోసం రోజుకు రెండుసార్లు ‘మ్యూజిక్ వైల్ యు వర్క్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. చప్పట్లు కొట్టించే పాటలను అందులోంచి తప్పించేవారు, కార్మికులు చేతిలోని పని వదిలేస్తారని. మన నాట్ల పాటకూ దీనికీ తేడా స్పష్టమే. అక్కడ పాటను ఎంచుకున్నది పనిచేసేవారు కాదు.

రెండు కేంద్రాల నడుమ

మద్రాసు నగరపాలక సంస్థ 1930లో ప్రసారాలు మొదలుపెట్టింది. 1938 జూన్ 16న ఆల్ ఇండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమై తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలను కూడా అందించింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. మీరు పటం తెరిచి చూస్తే, మద్రాసు–విజయవాడ రైలుమార్గంలో కావలి దాదాపు నడిమధ్యన కనిపిస్తుంది. మీడియం వేవ్ తరంగాలు పగలు నేల వెంట పాకుతాయి, ఉప్పునీటి మీద మరింత దూరం వెళ్తాయి. రాత్రి పై వాతావరణం నుంచి పరావర్తనం చెంది ఇంకా దూరం చేరతాయి. ఇలాంటి తీరపు ఊరికి రెండు కేంద్రాల నడుమ ఉండటం అనుకూలమైన సంగతే.

తొలిరోజుల్లో రేడియో ఖరీదైన వస్తువు. దానికి లైసెన్సు ఉండాలి, ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టాలి. అందువల్ల చాలామంది వినికిడి పంచాయతీ రేడియో దగ్గరో, హోటలు ముందో, పొరుగింటి అరుగు మీదో సాగింది. 1960ల నుంచి ట్రాన్సిస్టరు వ్యాపించాక పరిస్థితి మారింది. కరెంటు లేని ఇంట్లో కూడా పాట వినే వీలు కలిగింది.

విజయవాడ కేంద్రం ఇచ్చిన వాటిలో ‘భక్తిరంజని’ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దీని రూపకల్పనలో బాలాంత్రపు రజనీకాంతరావు కృషి పెద్దది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ కూడా అదే కేంద్రంలో పనిచేశారు. తర్వాతి కాలంలో ఆయన సంగీత చికిత్సపై ఆసక్తి చూపారు. తత్త్వాలు, కీర్తనలు, స్తోత్రాలు తెల్లవారుజామున ఇంట్లోకి వచ్చాయి. కల్లాపి చల్లుతూ, పాలు కాస్తూ విన్నవారిలో ఎందరో రాగం పేరు తెలియనివారే. నా దృష్టిలో ఈ కార్యక్రమం బలం భక్తిలో ఎంత ఉందో, వేళ తప్పకపోవడంలోనూ అంత ఉంది. రేపు కూడా ఇదే సమయానికి ఇదే వినబడుతుందన్న నమ్మకం రోజుకు ఒక ఒడ్డు కట్టింది. నెమ్మదైన ఆవృత్తి శరీరంపై చూపే ప్రభావాన్ని శాస్త్రజ్ఞులు తర్వాత కొలిచారు. ఇటలీకి చెందిన లూసియానో బెర్నార్డి బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో, క్రైస్తవ జపమాల ప్రార్థన గానీ యోగ మంత్రం గానీ పఠించేటప్పుడు శ్వాస నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా నెమ్మదించినట్లు తేలింది. వారు చూసింది నోటితో పఠించేవారిని; రేడియోతో పాటు గొంతు కలిపేవారికే ఇది ఎక్కువగా వర్తిస్తుంది.

మంత్రిగారి అభ్యంతరం

ఏ పాట మనసుకు మంచిదో ఎవరు నిర్ణయించాలి? ఈ ప్రశ్న 1952లో పెద్ద వివాదమైంది. అప్పటి సమాచార, ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాన్నే ప్రజలకు వినిపించాలని గట్టిగా భావించారు. సినిమా పాటల సమయం కుదించారు, పాటలను వడగట్టే ఏర్పాటు చేశారు, సినిమా పేరు చెప్పకూడదన్నారు. నిర్మాతలు ప్రసార హక్కులను వెనక్కి తీసుకున్నారు. ‘కేస్కర్ సినిమా పాటలను నిషేధించారు’ అని జవాబుపత్రాల్లో ఒక్క వాక్యంలో రాసేస్తుంటారు. అది సగమే నిజం. శ్రోతలు మాత్రం ఆగలేదు, ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణే వివిధభారతిని ప్రారంభించింది.

కేస్కర్ ఉద్దేశం చెడ్డదని అనలేం, ఆయన కాలంలో శాస్త్రీయ, లలిత సంగీతాలకు దక్కిన ఆదరణ తక్కువేమీ కాదు. అయితే పగలంతా గొడ్డుచాకిరీ చేసి వచ్చినవాడికి ఏది సేద తీరుస్తుందో ఆయన అడిగి తెలుసుకోలేదు.

తుఫాను రాత్రి

1989 నవంబరు మొదట్లో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన ‘గే’ తుఫాను ఆ దేశాన్ని దాటి బంగాళాఖాతంలోకి వచ్చి, మరింత బలపడి, నవంబరు 8–9 తేదీల్లో కావలి సమీపంలోనే తీరం దాటింది. ‘కావలి తుఫాను’ అనే పేరు అలా వచ్చింది. పన్నెండేళ్ల ముందటి దివిసీమ ఉప్పెన కోస్తాలో ఎవరూ మరచిపోయింది కాదు. ఇలాంటి రాత్రి కరెంటు ఉండదు, గాలి హోరు తప్ప ఏమీ వినబడదు. బ్యాటరీతో నడిచే రేడియోలో హెచ్చరిక చదివే గొంతు అప్పుడు ఏ రాగం కన్నా విలువైనది. ఆందోళనను తగ్గించే శబ్దం సంగీతమే కానక్కరలేదని గుర్తించండి. తుఫాను ఎక్కడుందో, ఎటు వెళ్లాలో తెలియడం కూడా ఉపశమనమే.

క్యాసెట్టు, మైకు, ఇయర్‌ఫోను

క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది. మన ఊళ్లలో అది నిలదొక్కుకున్నది 1980లలో. దానితో వేళ శ్రోత చేతికి వచ్చింది. ఘంటసాల భగవద్గీత గానీ, నెల్లూరు జిల్లావాసులు తమవాడని చెప్పుకునే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాట గానీ కావాలనుకున్నప్పుడు పెట్టుకోవచ్చు, నచ్చింది వెనక్కి తిప్పి మళ్లీ వినవచ్చు.

అదే కాలంలో మైకుసెట్టు ఇంకో పని చేసింది. పెళ్లివారికి ఉత్సాహమైన పాట పక్కింటి రోగికి, పరీక్షకు చదివే పిల్లకు నరకం. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడుస్పీకర్లను కట్టడి చేశాయి; నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితిగా పెట్టాయి. ఎంతవరకు అమలవుతున్నాయో మీ వీధిలో మీకే తెలుసు. ఇయర్‌ఫోను ఈ తగువును కొంత తీర్చింది. దానితోనే అరుగు మీద నలుగురూ కలిసి వినడమూ పోయింది.

బెర్నార్డి బృందమే 2006లో మరో సంగతి బయటపెట్టింది. పాటల మధ్య రెండు నిమిషాలు నిశ్శబ్దం ఉంచితే, పాట వినేటప్పటి కన్నా ఆ విరామంలోనే గుండె వేగం, రక్తపోటు ఎక్కువగా తగ్గాయట.

అభ్యాసం: మీ ఇంట్లో గానీ వీధిలో గానీ అరవై ఏళ్లు దాటిన ఇద్దరిని కలవండి, వారిలో ఒకరు వల లాగినవారో, నాట్లు వేసినవారో అయితే మంచిది. మొదట రేడియో ఎవరింట్లో విన్నారు, ఏ వేళ విన్నారు, వింటూ ఏ పని చేసేవారు అని అడగండి. వారు చెప్పిన మాటలనే, మీ భాషలోకి మార్చకుండా, రెండు పుటల్లో రాసి తీసుకురండి.