బ్యాంకు పద్దులు: సరిచూచు విధానము - దాని చరిత్ర

వర్తకుడు బ్యాంకునందు సొమ్ము కట్టినపుడు ఒకే వ్యవహారము రెండు పుస్తకముల కెక్కును. వర్తకుని పుస్తకమున ఖర్చు వైపు పడిన పద్దు బ్యాంకు పుస్తకమున జమ వైపు పడును. రెండింటిని వేరు వేరు గుమాస్తాలు వ్రాయుదురు గనుక, ఒకరి పొరపాటును రెండవవారి పుస్తకము పట్టి యిచ్చును. ఒక గుమాస్తా 540 అనుటకు బదులు 450 అని వ్రాసెననుకొందము. తేడా 90. ప్రక్క ప్రక్కనున్న రెండంకెలు తారుమారైనచో వచ్చు తేడా ఎల్లప్పుడు 9 చేత శేషము లేకుండ భాగింపబడును. కావుననే అట్టి తేడా కనబడినపుడు అనుభవజ్ఞుడైన గుమాస్తా మొదట అంకెల తారుమారును వెదకును.

1494లో లూకా పాచోలీ అను ఇటలీ దేశపు సన్న్యాసి వెనిస్ నగరమున ఒక గణితగ్రంథమును ప్రకటించెను. ఆ నగర వర్తకులు అంతకు ముందే వాడుచుండిన జంటపద్దు విధానమును అతడందు వివరించెను. పుస్తకములు సరిచూచుటకు ఇద్దరు కూర్చుండవలెను. ఒకడు చిట్టాలోని పద్దును చదువును. రెండవవాడు దానిని ఆవర్జాలో వెదకి, కనబడగానే చుక్క పెట్టును. చుక్క పడక మిగిలిన పద్దును గూర్చి విచారింపవలెను. నేటి గుమాస్తాలు పెట్టు టిక్కు గుర్తు ఇట్టిదే.

ఇరువదవ శతాబ్దమున చెక్కుల వాడుక విపరీతముగా పెరిగెను. అమెరికాలోని బ్యాంక్ ఆఫ్ అమెరికా కోరికపై స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ 1950లో ఈ సమస్యను చేపట్టి, 1955లో ‘ఎర్మా’ అను యంత్రమును ప్రదర్శించెను. అంతవరకు ఖాతాలు పేర్ల అక్షరక్రమమున ఉండెడివి. యంత్రమునకు సంఖ్యలు అనుకూలము గనుక ప్రతి ఖాతాకు ఒక సంఖ్య ఏర్పడెను. అయస్కాంత సిరాతో ముద్రించిన పది అంకెలను, నాలుగు గుర్తులను యంత్రము చదువగలిగెను. మన దేశపు చెక్కుల అడుగున కనబడు విచిత్రమైన అంకెలు ఇవియే.

1973లో 15 దేశములకు చెందిన 239 బ్యాంకులు కలిసి ‘స్విఫ్ట్’ సంస్థను స్థాపించెను. 1977 నుండి దాని ద్వారా బ్యాంకుల నడుమ సందేశములు నడిచినవి. 1979లో ‘విసికాల్క్’ వచ్చుటతో చిన్న కంప్యూటరు తెరపై లెక్కల పట్టిక అమరెను. అయినను బ్యాంకు పంపిన కాగితమును చూచి అంకెలను మరల టైపు చేయవలసి యుండెను. 1997లో మైక్రోసాఫ్ట్, ఇంట్యూట్, చెక్‌ఫ్రీ కంపెనీలు ఓ.ఎఫ్.ఎక్స్. అను ఉమ్మడి రూపమును ప్రకటించినవి. ఇందు ప్రతి పద్దునకు ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య ఉండును. అందుచేత ఒకే పద్దు రెండు మారులు వచ్చినను కంప్యూటరు పోల్చుకొనగలదు.

కామాలతో గడులను విడదీయు సాధారణ పట్టికలో ఈ రక్షణ లేదు. 1,25,000 అను మొత్తమును కొటేషను గుర్తుల నడుమ ఉంచనిచో, అది మూడు గడులుగా చీలిపోవును. 000457 అను చెక్కు సంఖ్య 457గా మారవచ్చును. 03/04 అను తేది ఒక దేశమున ఏప్రిల్ 3, మరియొక దేశమున మార్చి 4.

ఇంతకంటె ముఖ్యమైన చిక్కు వేరొకటి కలదు. పూర్వము రెండు చేతులు రెండు పుస్తకములు వ్రాసెడివి. ఇప్పుడు రెండవ పుస్తకము మొదటిదాని నకలు మాత్రమే. బ్యాంకు ఒకే రుసుమును రెండు మారులు వసూలు చేసినచో నకలునందును అట్లే ఉండును. అసలులోని తప్పును నకలు పట్టజాలదు. మరియు కంప్యూటరు పేరును బట్టి పద్దును ఏదో ఒక శీర్షిక క్రింద చేర్చును. యజమాని ఇంటికై తీసికొనిన సొమ్ము దుకాణపు ఖర్చుగా పడినచో లాభము తగ్గి కనబడును, పన్ను లెక్కయు తప్పును.

కావున అకౌంటెంటు తన ఖాతాదారుని పద్దులను లెక్కల పుస్తకమునకు పంపుటకు ముందు రెండు పరీక్షలు చేయవలెను. తొలి నిల్వకు జమలు కలిపి, ఖర్చులు తీసివేసినచో తుది నిల్వ రావలెను. ఇది కూడికకు సంబంధించిన పరీక్ష, యంత్రమే చేయగలదు. ప్రతి పద్దును బిల్లుతోను, రసీదుతోను పోల్చుట రెండవది. ఆ బిల్లులు, రసీదులు బ్యాంకు వ్రాసినవి కావు. కనుక నేడు రెండవ పుస్తకము చేయవలసిన పనిని అవియే చేయుచున్నవి.