కట్టకు యాభై ఆకులు

మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ పిల్లలకు సి భాష చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ప్రోగ్రామింగ్ మగపిల్లల బుర్రకు తగిన పని అనే మాట స్టాఫ్‌రూముల్లో ఇప్పటికీ అలవోకగా వినబడుతూనే ఉంటుంది. చరిత్ర చూస్తే సరిగ్గా దానికి ఎదురు సాక్ష్యం చెబుతుంది.

1945లో అమెరికా సైన్యం ఎనియాక్ అనే యంత్రం కోసం ఆరుగురు ఆడవాళ్లను ఎంచుకుంది. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలాస్, రూత్ లిచ్టర్‌మన్. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో అప్పటిదాకా చేత్తో లెక్కలు కట్టిన వాళ్లు. వాళ్ల ఉద్యోగం పేరే కంప్యూటర్. ప్రోగ్రామింగ్ భాష లేదు, పాఠ్యపుస్తకం లేదు. వైరింగు బొమ్మలు ముందేసుకుని, యంత్రం కట్టిన ఇంజనీర్లను అడిగి, ఎక్కడ ఏ తీగ తగిలించాలో తేల్చుకున్నారు. 1946 ఫిబ్రవరిలో యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు నడిచిన ఫిరంగి గుండు లెక్క బెట్టీలిద్దరూ సిద్ధం చేసిందే. ఆ రాత్రి విందుకు మాత్రం వాళ్లకు పిలుపు రాలేదు. యంత్రం కట్టడం ఇంజనీరింగ్, దానిచేత పని చేయించడం గుమాస్తాగిరీ అనుకున్నారు కాబట్టే ఆ పని ఆడవాళ్లకు దక్కింది. విలువ తెలిశాక పేరు మారింది. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సదస్సు 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్' అన్న మాటను ఖాయం చేసింది. (ఇంట్లో వండితే ఆడవాళ్ల పని, పెళ్లిలో వండితే వంటమేస్త్రి. మనకిది కొత్తేమీ కాదు.)

ఆ తర్వాత కథ అందరికీ కొంత తెలిసిందే. అమెరికాలో 1980ల నడుమ కంప్యూటర్ సైన్స్ డిగ్రీల్లో 37 శాతం దాకా ఆడపిల్లలవే. పాతికేళ్లలో అది 18 దగ్గరికి పడిపోయింది. ఇళ్లలోకి వచ్చిన చిన్న కంప్యూటర్లు మగపిల్లల గదుల్లో చేరాయి. కాలేజీలు వాళ్ల చేతి అలవాటునే తెలివి అనుకున్నాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ విద్యార్థులతో ఏళ్ల తరబడి మాట్లాడి 2002లో పుస్తకం తెచ్చారు. ముందే ప్రోగ్రామింగ్ వచ్చా అన్న షరతుకు ప్రవేశాల్లో విలువ తగ్గించి, అనుభవాన్ని బట్టి మొదటి పాఠాలను విడదీశాక, అక్కడ చేరే ఆడపిల్లలు 1995లో 7 శాతం నుంచి 2000కి 42 శాతమయ్యారు. ఐదేళ్లలో ఆడపిల్లల మెదడేమీ మారలేదు కదా! మారింది గుమ్మం.

ఆ మార్పు మొదలైన రోజుల్లో అక్కడ డీన్ మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలవడంలోనూ ఆయన పాత్ర పెద్దది. పదో తరగతి మార్కులే ప్రాతిపదిక, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత కలుపు, ఆరేళ్ల చదువు. కోచింగు కొనుక్కోలేని పల్లె ఆడపిల్లకు ఇది చిన్న సంగతి కాదు. అయితే గుమ్మం దాటి లోపలికొచ్చాక ఏం చెబుతున్నాం?

నాది చర్ల. 1959 దాకా తూర్పు గోదావరి, ఆ తర్వాత ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. జిల్లా పేర్లు మారాయి గానీ తునికాకు కట్ట మారలేదు. కట్టకు యాభై ఆకులు, స్టాండర్డ్ బ్యాగుకు వెయ్యి కట్టలు. బడిపంతులు కూతురిని కాబట్టి నేను ఆకుకు పోలేదు. నా పక్క బెంచీ కోయ పిల్లలు వేసవి సెలవుల్లో తెల్లవారకముందే తల్లుల వెంట అడవికి పోయేవారు. మధ్యాహ్నం ఇంటి ముందు కూచుని ఆకు మీద ఆకు పేర్చి, యాభై కాగానే నారతో కట్టేవారు. సాయంత్రం కల్లంలో వరసలుగా పరిచేవారు. చిరిగిన ఆకు పక్కకు పోతుంది, తక్కువైన కట్ట వెనక్కొస్తుంది.

లూపులో లూపు, దాని లోపల షరతు. మా సిలబస్‌లో ఇది మూడో యూనిట్.

పాఠ్యపుస్తకం మాత్రం దీన్ని నక్షత్రాల త్రిభుజంతో మొదలుపెడుతుంది. నక్షత్రాలు త్రిభుజంగా ఎందుకు నిలబడాలో ఏ పిల్లకూ తెలియదు. ల్యాబ్ రికార్డులో మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో దించుతారు. తప్పు జరిగితే యంత్రం ఇంగ్లీషులో కసురుతుంది. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, తెర మీద ఇంగ్లీషు. సెమీకోలన్ మరిచిపోయిన పిల్ల తనకు లెక్కే రాదనుకుని చివరి వరసకు జరుగుతుంది. ఇలా మొదటి నెలలోనే జారిపోయిన ఆడపిల్లల్ని ఎందర్నో చూశాను. అందుకే మొదటి రెండు వారాలూ నేను యంత్రం తెరవనివ్వను. తెలిసిన పని ఒకటి మీ భాషలో మెట్లుమెట్లుగా రాయండి, ఆ మెట్లు చదివి పక్కనున్న పిల్ల ఆ పని చేయగలగాలి అంటాను. దీనివల్ల సిలబస్ వెనకబడుతుందని మా దగ్గర గొణుగుడుంది. ఉండనీ.

ఆమధ్య చర్ల వైపు నుంచే వచ్చిన ఒక పిల్ల కల్లం లెక్క రాసింది. ఆకులు లెక్కించడం ఒక ఫంక్షను, కట్టను చూసి తీసుకోవడమో తిప్పికొట్టడమో ఇంకొకటి, కూలి లెక్క మరొకటి. నాలుగోది విడిగా పెట్టి దానికి 'కొసరు' అని పేరు పెట్టింది. లెక్కలోకి రాకుండా పైన తీసుకునే కట్టలవి. కూలి లెక్కలోనే కలిపేయొచ్చు కదమ్మా, ఎందుకు విడదీశావన్నాను.

"ఆకూ కట్టా ఎప్పుడూ ఒకటే మేడం. కొసరు మనిషిని బట్టి మారుద్ది. మారేదాన్ని విడిగా పెడితే ఎంత పోయిందో మా అమ్మకు చూపించొచ్చు."

సాఫ్ట్‌వేర్ డిజైన్ పుస్తకాలు ఈ సంగతికే ఒక అధ్యాయం తీసుకుంటాయి. ఆ పిల్ల అప్పటికింకా ఆ పుస్తకాలు చూడలేదు. మర్నాడు ల్యాబులో వాళ్ల అమ్మ రోజువారీ కట్టల లెక్క ఇచ్చి ప్రోగ్రాం నడిపింది. తెర మీద కూలి కింద కొసరు వేరే వరసలో పడింది. పక్కనున్న ఇద్దరు పిల్లలు కుర్చీలు జరుపుకుని, తమ ఇళ్ల లెక్కలు కూడా వేయమన్నారు.