దేవాంగ పిల్లి చుట్టాలు, మునిగిపోయిన ఖండం

ఈ వారం మన చరిత్ర ప్రసంగంలో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. ఒక పేరు కథ చెబుతాను. ఆ పేరు మీద పుట్టి, నూరేళ్ళు బతికి, చివరికి పుస్తకాల్లోనే మునిగిపోయిన ఒక ఖండం కథ కూడా చెబుతాను.

2005లో వచ్చిన 'మడగాస్కర్' కార్టూన్ సినిమా మన పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు. అందులో కిరీటం పెట్టుకుని గంతులేసే రాజుగారు చారల తోక లీమర్. "ఇండియాలో లీమర్లు ఉన్నాయా?" అని పిల్లలు అడిగితే, లేవని చెప్పి ఊరుకుంటాం. లీమర్లు లేని మాట నిజమే. కానీ వాటి చుట్టం మన అడవుల్లోనే ఉంది. దాని పేరు దేవాంగ పిల్లి. పేరుకే పిల్లి, పుట్టుక కోతుల వంశంలో. ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్ అంటారు. శేషాచలం కొండల్లో ఉంది, రాకెట్లు ఎగిరే శ్రీహరికోటలోనూ ఉంది. జానెడు ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, తోక లేదు, మొహమంతా కళ్ళే. రాత్రిపూట కొమ్మలు పట్టుకుని, ఆకు కదలకుండా నడిచి, పురుగుల్ని పట్టుకు తింటుంది.

ఇక పేరు సంగతి. ప్రాణులన్నింటికీ వరసగా పేర్లు పెట్టిన స్వీడన్ పండితుడు కార్ల్ లిన్నేయస్ వీటిని 'లీమర్' అన్నాడు. పాతకాలపు రోమన్లు రాత్రి తిరిగే దయ్యాలను లెమురెస్ అనేవారు. రాత్రి తిరుగుతాయి, మెల్లగా నడుస్తాయి కనుక ఆ పేరు పెట్టానని 1754లో ఆయనే రాశాడు. 1758 నాటి ఆయన జాబితాలో ఆ పేరు కింద మొదట ఉన్నది లోరిసే, చారల తోక జంతువు రెండోది. అది పట్టపగలే మందలుగా తిరుగుతుంది, దయ్యం లక్షణమేమీ లేదు! అంటే లోరిస్‌ను చూసి పెట్టిన పేరు మడగాస్కర్ జంతువులకు స్థిరపడింది.

ఆ రోజుల్లో పండితులను బాగా తికమక పెట్టింది మడగాస్కర్‌లోని ఐ-ఐ. ఫ్రెంచి యాత్రికుడు పియర్ సొన్నెరా 1782లో దాన్ని వర్ణించాడు. ఎలుకకు పెరిగినట్టు దాని ముందు పళ్ళు పెరుగుతూనే ఉంటాయి. అందుకని దాన్ని ఉడుతల్లో కలిపేశారు. 1863లో లండన్‌లో రిచర్డ్ ఓవెన్ దాని శరీర నిర్మాణం వివరంగా రాశాక గానీ అది కోతుల వంశమేనన్న సంగతి గట్టిపడలేదు. అది సన్నటి నడిమి వేలితో మాను మీద తట్టి, బోలుగా మోగిన చోట కొరికి, లోపలి పురుగును ఆ వేలితోనే లాగుతుంది. మడగాస్కర్‌లో వడ్రంగిపిట్టలు లేవు. ఆ కొలువు ఐ-ఐకి దక్కింది.

మరుసటి ఏడే, 1864లో, ఫిలిప్ స్క్లేటర్ అనే ఇంగ్లీషు పండితుడు ఒక చిక్కు ప్రశ్న వేసుకున్నాడు. లీమర్లేమో మడగాస్కర్‌లో, లోరిస్‌లేమో దక్షిణ భారతంలో. మధ్యలో రెండు వేల మైళ్ళకు పైగా సముద్రం. ఖండాలు కదులుతాయన్న సంగతి అప్పటికి తెలియదు. అందుకని, ఒకప్పుడు ఈ రెండింటినీ కలుపుతూ పెద్ద భూభాగం ఉండేదని, అది మునిగిపోయిందని ఊహించి, దానికి 'లెమూరియా' అని పేరు పెట్టాడు. జర్మనీలో హెకెల్ ఇంకో అడుగు ముందుకేసి, మనిషి పుట్టిల్లు అదే కావచ్చన్నాడు. తరవాత దివ్యజ్ఞాన సమాజం వారి పుస్తకాల్లోకి ఎక్కింది. తమిళ దేశంలో కుమరిక్కండం కథతో కలిసిపోయింది. ఇప్పటికీ లెమూరియా నిజమేనంటూ నాకు ఈమెయిళ్ళు వస్తుంటాయి. ఒక బుల్లి జంతువు కోసం కట్టిన ఊహ ఎంత దూరం పోయిందో చూడండి.

1912లో వెగెనర్ ఖండాలే కదిలాయన్నాడు. చాలామంది నవ్వారు. 1960లలో సముద్రగర్భం పరిశీలించాక ఆ మాటే నిలిచింది. భారతదేశం, మడగాస్కర్ ఒకప్పుడు అంటుకునే ఉండేవి. దాదాపు 8.8 కోట్ల ఏళ్ళ క్రితం విడిపోయాయి. అయితే లీమర్లు మడగాస్కర్ చేరింది ఆ తరవాతే. తుఫానుకు కొట్టుకొచ్చిన చెట్ల దుంగల మీద ఆఫ్రికా నుంచి వచ్చాయని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. లోరిస్‌ల వంశపు పాత శిలాజాలు ఈజిప్టులో దొరికాయి, వాటి జ్ఞాతులు ఇప్పటికీ ఆఫ్రికాలో ఉన్నాయి. అంటే చుట్టరికం నిజం, వంతెన మాత్రం అబద్ధం.

కోతులు లేని ఆ దీవిలో లీమర్లు నూరుకు పైగా రకాలయ్యాయి. ముప్పై గ్రాముల చిట్టెలుక లీమరు ఒక కొసన, తొమ్మిది కిలోల దాకా తూగే ఇంద్రి ఇంకో కొసన. లావు తోక లీమరు తోకలో కొవ్వు దాచుకుని, వానలు లేని కాలంలో నెలల తరబడి చెట్టు తొర్రలో నిద్రపోతుంది. ఒకప్పుడు గొరిల్లా అంత లీమర్లు కూడా ఉండేవి. మనుషులు వచ్చాక అవి ఒక్కటీ మిగల్లేదు.

టార్సియర్ల మాట కూడా చెప్పాలి. మలేషియాలో ఉన్న మన వాళ్ళకు సబా, సరవాక్ అడవుల్లో ఇవి పొరుగువారే. ఒక్కొక్క కన్ను మెదడంత ఉంటుంది. కన్ను తిప్పలేదు కనుక మెడనే వెనక్కి తిప్పి చూస్తుంది. ఆకూ పండూ ముట్టదు, అంతా మాంసాహారమే. చూడటానికి లోరిస్‌లా ఉన్నా, 1918లో పోకాక్ అనే ఆయన దీన్ని కోతుల వైపు, అంటే మన వైపు చేర్చాడు.

2020 నాటి అంతర్జాతీయ జాబితాలో 107 రకాల లీమర్లలో 103 ప్రమాదంలో ఉన్నాయి. మన దేవాంగ పిల్లికి 1972 చట్టం గట్టి రక్షణే ఇచ్చింది. అయినా క్షుద్రపూజలకనీ, నాటు మందులకనీ దాన్ని పట్టేవారున్నారు. తమిళనాడులో 2022లో కడవూరు దగ్గర దానికంటూ ఒక అభయారణ్యం ఏర్పాటు చేశారు.

చివరగా ఒక్క మాట. చక్కిలిగిలి పెడితే చేతులు పైకెత్తే స్లో లోరిస్ వీడియోలు మీ పిల్లలు చూసే ఉంటారు. అది ఆనందం కాదు, భయం. దాని మోచేతి దగ్గర విషగ్రంథి ఉంది, దాన్ని నోటితో అందుకోవడానికే ఆ చేతులెత్తడం. అమ్మకానికి పెట్టేవాళ్ళు ముందే దాని పళ్ళు కత్తిరించేస్తారు. ఆ వీడియో ఇంకొకరికి పంపే ముందు పిల్లలకు ఈ సంగతి చెప్పండి. ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు తాతయ్యల్నీ అమ్మమ్మల్నీ దేవాంగ పిల్లిని చూశారా అని అడిగించండి. చూసినవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు.

సెలవు.