ఎన్సెలాడస్‌కు 173 కిలోమీటర్ల దూరంలో

2005 ఫిబ్రవరి. లండన్ ఇంపీరియల్ కాలేజీలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు మీరు. కాసిని వ్యోమనౌక మ్యాగ్నెటోమీటర్ బృందం మీది. మిషెల్ డోహర్టీ నాయకురాలు. తెరమీద శని అయస్కాంత క్షేత్రం గీత సాఫీగా సాగి, ఎన్సెలాడస్ దగ్గర ఒరిగిపోయింది.

ఒరగకూడదే! 500 కి.మీ. అడ్డం ఉన్న చిన్న మంచు ఉపగ్రహం అది. క్షేత్రమేమో వాగు నీళ్లు బండరాయిని చుట్టిపోయినట్టు, అంతకంటే పెద్దదేదో అడ్డున్నట్టు తప్పుకుపోతోంది. పరికరం పొరపాటా? నౌకలోని కరెంటు ప్రభావం పడకూడదనే దాన్ని 11 మీటర్ల కడ్డీమీద బయటికి చాపి పెట్టారు. మార్చి 9న, 500 కి.మీ. దూరంలో, మళ్లీ అదే ఒంపు.

అడ్డున్నది వాయువేనా? వాయు అణువులు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే క్షేత్రం వాటిని వెంట ఈడ్చుకుపోవాలి. ఆ బరువుకే వంగుతుంది. కానీ ఇంత చిన్న ఉపగ్రహానికి గాలిని పట్టి ఉంచే ఆకర్షణ లేదు. ఉందంటే, ఎక్కడినుంచో ఊరుతూనే ఉండాలి.

పైగా ఒక చిక్కు. ఫిబ్రవరిలోనే నౌకలోని అతినీలలోహిత పరికరం ఒక నక్షత్రం ఎన్సెలాడస్ వెనక్కి వెళ్లడం చూసింది. మనవాళ్లు మూల అనే నక్షత్రమే అది. గాలి ఉంటే దాగకముందే మసకబారాలి. బారలేదు.

జులై 14న నౌక వెయ్యి కి.మీ. దూరంలో వెళ్లాలని ముందే నిర్ణయమైంది. ఇంకా దగ్గరికి పంపమని అడుగుతారా? ఏమీ దొరక్కపోతే రేపు మీ మాట ఎవరు వింటారు?

అడుగుతారు. నౌకను నడిపేవాళ్లు ఒప్పుకుంటారు. 173 కి.మీ.

జులై 14. నౌకతోపాటు మీరూ ఉన్నారనుకోండి. సెకనుకు 8 కి.మీ. వేగం. ఇక దారి మార్చలేరు. కబురు భూమికి చేరాలంటేనే గంట పైన పడుతుంది.

కింద దక్షిణ ధ్రువం వైపు మంచు. దగ్గరవుతోంది.

అత్యంత దగ్గరికి ఇంకో నిమిషం. ధూళి. ఇంకా ధూళి.

35 సెకన్లు. నీటి ఆవిరి! ఇంత ఎప్పుడూ లేదు.

తగ్గుతోంది. అత్యంత దగ్గరికి ఇంకా చేరనేలేదు. అప్పుడే తగ్గుతోందేం? దక్షిణం వెనకబడిపోతోంది మరి.

ఈసారి దాగే నక్షత్రం బెల్లాట్రిక్స్, ఆర్ద్ర పక్కన కనిపించేది. దక్షిణ ధ్రువం దగ్గర మెల్లగా మసకబారి దాగింది. మధ్యరేఖ దగ్గర మాత్రం ఒక్కసారిగా బయటపడింది. అక్కడ గాలి లేదు. మూల నక్షత్రం చెప్పిందీ అబద్ధం కాదు. అది దాటిన అంచులు ధ్రువానికి దూరం, అంతే.

నవంబరులో కెమెరా సూర్యుడికి ఎదురుగా చూసి, ధ్రువంనుంచి చిమ్ముతున్న ధారల్ని పట్టేస్తుంది. 2008 అక్టోబరులో నౌకను 25 కి.మీ. దగ్గరికి పంపుతారు.