చెప్పుట నుండి అడుగుట వరకు: కాన్సరు రోగితో వైద్యుని సంభాషణ

కాన్సరును మనవారు రాచపుండు అని వ్యవహరించెడివారు. ఆ పేరు రోగి చెవిని పడకుండ జూచుటయే వైద్యధర్మమని చిరకాలము పెక్కు దేశములలో భావించిరి. ప్రాచీన గ్రీసున హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో ఒకదానియందు, రోగికి రానున్న స్థితిని వెల్లడింపరాదను హితవు కలదు. ఈ మౌనము ఎట్లు తొలగినది? దాని స్థానమున ఏమి వచ్చినది?

1950లో అమెరికాలో నూరుమంది కాన్సరు రోగులను ప్రశ్నింపగా, 89 మంది తమ వ్యాధి తమకు తెలియుటయే మేలనిరి. అయినను 1961లో డోనాల్డ్ ఓకెన్ అను మానసిక వైద్యుడు షికాగోలోని మైకేల్ రీస్ ఆస్పత్రి వైద్యులు 219 మంది అభిప్రాయములను సేకరింపగా, సుమారు 90 శాతము రోగికి చెప్పకుండుటకే మొగ్గుచూపిరి. తెలిసినచో రోగి ఆశ వదలుకొనునని వారి భయము. ఇది అనుభవముచే నేర్చిన విషయమని వారనిరి. కాని చెప్పుటవలన కీడు కలిగిన ఉదాహరణలు చూపగలిగినవారు అరుదు. శాస్త్రములో పరీక్షింపబడని నమ్మకము ఎంత బలముగా పాతుకొనగలదో దీనివలన తెలియును.

అదే ప్రశ్నావళికి రోచెస్టర్ విశ్వవిద్యాలయమున 264 మంది వైద్యులు ఇచ్చిన సమాధానములను 1979లో ప్రకటించిరి. ఈసారి 97 శాతము రోగికి చెప్పవలెననిరి! పదునెనిమిది ఏండ్లలో ఇంత మార్పునకు కారణములు లేకపోలేదు. 1960 తరువాతి దశకములో పలు మందులను కలిపి ఇచ్చు పద్ధతివలన హాడ్జ్‌కిన్ వ్యాధి వంటి కొన్ని కాన్సరులు నయమగుట మొదలైనది. నెలల తరబడి కఠిన చికిత్సను సహింపవలసిన రోగికి అది దేనికొరకో చెప్పక తప్పదు. విషయము తెలిసికొనిన పిదపనే రోగి సమ్మతి చెల్లునను సూత్రమును 1957లోనే ఒక కాలిఫోర్నియా న్యాయస్థానము పేర్కొనెను.

అయితే వ్యాధి పేరు చెప్పినంతనే వైద్యుని పని ముగియదు. నర్సుగాను, పిదప ఆస్పత్రిలో సంఘ సేవకురాలుగాను పనిచేసి 1957లో వైద్యురాలైన సిసిలీ సాండర్స్, 1967లో లండనున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పెను. బాధ శరీరమునకే కాక మనస్సునకు, కుటుంబమునకు, విశ్వాసమునకు కూడ సంబంధించినదని ఆమె రోగుల మాటలు వినియే గ్రహించెను. షికాగోలోనే ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ మరణాసన్నులతో ముచ్చటించి, వారి మాటలను 1969లో గ్రంథరూపమున ప్రకటించెను.

అయినను లోపము మిగిలియేయున్నది. 1995లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధన ఐదు ఆస్పత్రులలోని తీవ్ర వ్యాధిగ్రస్తులను పరిశీలించెను. వారిలో కాన్సరు రోగులును కలరు. గుండె ఆగినచో దానిని మరల కొట్టుకొనునట్లు చేయు యత్నము తమకు వలదని కోరిన రోగుల విషయమున, ఆ కోరికను ఎరిగిన వైద్యులు 47 శాతము మాత్రమే. రోగికి చెప్పుట అలవడినది గాని, రోగిని అడుగుట ఇంకను అలవడలేదన్నమాట.

నేడు వైద్యులకు ఆ అడుగుటయే నేర్పుచున్నారు. మీ వ్యాధిని గూర్చి మీకు తెలిసినదేమి? మీకు అన్నిటికంటె ముఖ్యమైనదేది? దేనికి భయపడుచున్నారు? మరికొంతకాలము జీవించుటకై ఎంత కష్టమును ఓర్వగలరు? ఒకరు కుమార్తె వివాహము చూడగోరవచ్చును. మరొకరు నొప్పిలేక స్వగృహమున ఉండగోరవచ్చును. ఒకే వ్యాధికి ఈ ఇరువురి చికిత్సలు వేరుగానుండును.

ఇట్టి సంభాషణ ఆశను చంపునా? 2010లో బోస్టనులో వెలువడిన పరిశోధన ఫలితములు ఇందుకు కొంత సమాధానమిచ్చుచున్నవి. ముదిరిన ఊపిరితిత్తుల కాన్సరు గల 151 మందిలో కొందరికి మొదటినుండియే ఉపశమన చికిత్సను కూడ జోడించిరి. రోగి లక్ష్యములను గూర్చి మాటలాడుట అందులో ఒక భాగము. వీరికి తుదిదశలో తీవ్ర చికిత్సలు తగ్గినవి, మనస్సు కుదుటపడినది. మధ్యగత ఆయుర్దాయము ఇతరులకు 8.9 నెలలు కాగా, వీరికి 11.6 నెలలు.

మన ఇండ్లలో వైద్యుడు పెద్దవారి వ్యాధిని ముందుగా కుమారులకు చెప్పుట పరిపాటి. ఇది ప్రేమవలన కలిగిన ఆచారమే. కాని తుదిదశలో ఏ చికిత్స వలదో ముందుగా వ్రాసియుంచు హక్కు వయోజనులకు కలదని 2018లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ హక్కును వినియోగించుకొనవలెనన్న రోగికి తన స్థితి తెలియవలెను. అతని కోరికను ఎవరైనను అడుగవలెను.