బస్సెక్కిన డిస్కు

బందరులో 1902లో కృష్ణాపత్రిక మొదలైన నాటి నుంచి కంప్యూటర్‌లో పేజీలు కట్టే డీటీపీ వచ్చేదాకా తెలుగు అచ్చుపనిని ఒక నష్టం వెంటాడుతూనే ఉంది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి కట్టిన పేజీని అచ్చు కాగానే విప్పేయాల్సిందే, ఎందుకంటే ఆ అక్షరాలే రేపటి పేజీకి కావాలి. అదే పుస్తకాన్ని ఏడాది తర్వాత మళ్లీ వేయాలంటే కంపోజింగ్ మొదటి నుంచీ చేసుకోవాలి. కంప్యూటర్ వచ్చాక పేజీ నిలిచింది గానీ, 40, 80 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో నడిచే 386 మెషీన్లో పాత పేజీలు చెరిపితే తప్ప కొత్తవాటికి చోటుండదు. అంటే విప్పేయడమే మరో రూపంలో సాగింది. దాన్ని ఆపినవి జిప్, సైక్వెస్ట్ వంటి పెద్ద డిస్కులు. వాటిని మెచ్చుకునేవాళ్లు సామర్థ్యాన్ని ముందు చెబుతారు. చేసిన పనిని యంత్రం నుంచి విడదీసి చేతికివ్వడమే వాటి పెద్ద గుణమని, తెలుగు పేజీకి ఆ గుణం మరీ అవసరమైందని నా అభిప్రాయం.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1962లో ఐబీఎం తెచ్చిన 1311 డ్రైవులో ఆరు పళ్లేల కట్టను మొత్తంగా ఎత్తి బయటికి తీయొచ్చు. నాలుగున్నర కిలోల ఆ కట్టలో 20 లక్షల అక్షరాలు పట్టేవి. ఆ తర్వాత సైక్వెస్ట్ 44 మెగాబైట్ల కార్ట్రిడ్జ్ పాశ్చాత్య దేశాల ముద్రణాలయాల్లో ఇంచుమించు అందరి వాడకంలోకీ వచ్చింది. 1995లో ఐయోమెగా జిప్ డ్రైవు 100 మెగాబైట్లను జేబులో పట్టేంత డిస్కులోకి దించింది. పాత మెషీన్లకు అది ప్రాణం పోసింది. డబ్బా విప్పి కార్డు బిగించే పని లేకుండా ప్రింటర్ పోర్టుకే తగిలించొచ్చు, దాని వెనక ప్రింటర్నూ కలుపుకోవచ్చు. వేరే ఊరి మెషీన్‌కు పట్టుకెళ్తే వెంట వచ్చే చిన్న గెస్ట్ ప్రోగ్రామ్ నడిపితే సరి. ఒక్క డిస్కు ఆ 386 హార్డ్ డిస్కు కన్నా పెద్దది, నిండితే మరొకటి పెట్టుకోవడమే.

బంటుమిల్లి నుంచి ఒక రంగుల పేజీ విజయవాడలో ఫిల్ము తీయించడానికి వెళ్లాలనుకుందాం. ఏ4 సైజు బొమ్మను 300 డీపీఐలో నాలుగు రంగులకు విడదీస్తే, కుదించకుండా దాదాపు 35 మెగాబైట్లవుతుంది. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలైతే పాతికదాకా కావాలి, అందులో ఒక్కటి చదవకపోయినా పేజీ పోయినట్టే. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది నిజమే గానీ, 28.8 కిలోబిట్ల మోడెమ్ ఒక్క క్షణం తడబడకుండా పనిచేసినా ఆ ఒక్క బొమ్మకు రెండున్నర గంటలు దాటుతుంది. నిండు జిప్ డిస్కుకు ఏడున్నర గంటలకు పైనే. ఆలోగా డిస్కు పెడన మీదుగా బందరు చేరి, విజయవాడ బస్సెక్కి దిగిపోతుంది కూడా. ఇక ఫాంట్ల సంగతి. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, సామాన్యుడి విండోస్‌లో ఆ అక్షరాలు కుదురుకున్నది 2001లో ఎక్స్‌పీ వచ్చాకే. అప్పటిదాకా అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో ఎవరి సంకేతాలు వారివే. ఫాంటు లేని మెషీన్లో తెరిస్తే వ్యాసమంతా అర్థంలేని గుర్తులే. కాబట్టి వ్యాసం, బొమ్మలు, ఫాంటు కలిసి ఒకే డిస్కులో ప్రయాణం చేయాలి.

సీడీ చౌక కదా అనొచ్చు. దాచుకోవడానికి సీడీయే మేలు, ఒప్పుకోవాలి. కానీ మామూలు సీడీ మీద ఒకసారి రాసిందే రాత. ప్రూఫులో ఒత్తు తప్పు దొరికితే దిద్దిన పేజీని మళ్లీ రాయాలి, పాతది చెరగదు. జిప్‌లో అయితే డిస్కు మీదే దిద్ది మూసేయొచ్చు. ధర మీద అభ్యంతరం ఇంకా గట్టిది. అమెరికాలోనే అప్పట్లో డ్రైవు 200 డాలర్లు, డిస్కు 20 డాలర్లు. నాటి మారకంలో సుంకం కలపకుండానే డ్రైవు 6,000 రూపాయలు దాటుతుంది, చిన్న ఊరి డీటీపీ సెంటరుకు అది బరువే. అయితే దానికి బదులు ఇంకో హార్డ్ డిస్కు కొన్నా అది పెట్టెలోనే ఉంటుంది, పక్క ఊరికి రాదు. అన్నిటికన్నా పెద్ద ఆరోపణ నమ్మకానిది. టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ డిస్కు చదవలేక చచ్చిపోయే జబ్బు జిప్‌కు పట్టింది. అంచు చిరిగిన డిస్కు మరో డ్రైవు హెడ్‌ను కూడా పాడుచేసేది. 1998లో వాడకందారులు అమెరికాలో కంపెనీపై దావా వేశారు. ఇది చిన్న లోపం కాదు. అందుకే ఒక్క డిస్కునే నమ్ముకోవడం తప్పు. కానీ రెండో ప్రతి తీసి ఇంకో ఊళ్లో ఉంచే వీలు ఇచ్చిందీ ఆ డిస్కే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమ పక్కన, కాగితమైనా యంత్రమైనా ఒకే గదిలో ఉంటే ఏమవుతుందో వివరించనక్కర్లేదు.

యూఎస్‌బీ పెన్‌డ్రైవు వచ్చాక జిప్ కథ కొద్ది ఏళ్లలోనే ముగిసింది. ఆ డిస్కుల్లో ఉండిపోయిన తెలుగు పేజీల కథ మాత్రం ముగియలేదు. అయస్కాంతపు పూత ఏటేటా బలహీనపడుతుంది, డ్రైవులు దొరకడమూ తగ్గుతోంది. డెల్టాలో ఏ ప్రెస్సు బీరువాలోనైనా ఆ నీలి డిస్కులు మిగిలి ఉంటే, యూఎస్‌బీ తీగతో వచ్చిన జిప్ డ్రైవు ఒక్కటి సంపాదించి ఇప్పుడే చదివించాలి. పేజీ కట్టిన పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ ఫైలు ఒక్కటే కాపీ చేస్తే చాలదు. దాని ఫాంటు ఫైళ్లూ తీసి, ఆ ఫాంటు పనిచేసే మెషీన్లోనే పేజీని పీడీఎఫ్‌గా మార్చి పెట్టాలి.