దినాల లెక్క నుంచి దంపతుల సమ్మతికి

లేవీయకాండంలో 13, 14 అధ్యాయాలు కుష్ఠు గురించి, 15వ అధ్యాయం స్త్రీపురుషుల దేహస్రావాల గురించి చెబుతాయి. రెండూ ఒకే శుద్ధి చట్టంలోని భాగాలు. మొదటి భాగాన్ని నిజామాబాద్ ప్రాంత క్రైస్తవం బాహాటంగానే దాటింది. వెస్లియన్ మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పారు. దానికి పెద్ద విరాళమిచ్చిన నర్సాగౌడ్ హిందువు. పాళెం వెలుపల ఉండాలని ధర్మశాస్త్రం చెప్పిన రోగిని అక్కడ చేరదీసి, చాల్‌మోగ్రా నూనె సూదులు వేసి వైద్యం చేశారు. బైబిలు చెప్పే కుష్ఠు, వైద్యులు చెప్పే కుష్ఠు ఒకటే కాకపోవచ్చు. వెలి మాత్రం ఒకటే. ఆ వెలిని క్రీస్తు పేరిట దాటిన సంఘం, దాని పక్క అధ్యాయాన్ని ఆలుమగల మీద మోపడం న్యాయమా అన్నదే ప్రశ్న.

చట్టంలో ఉన్నదేమిటో ముందు చూద్దాం. సంసారం చేసిన దంపతులిద్దరూ స్నానం చేసి సాయంత్రం దాకా అశుచిగా ఉండాలి (15:18). ముట్టు అయిన స్త్రీకి ఏడు దినాలు. ఆ సమయంలో ఆమెతో శయనించిన భర్తకూ ఏడు దినాలు (15:24). మగబిడ్డ పుడితే తల్లికి మొత్తం 40 దినాలు, ఆడబిడ్డ అయితే 80 (12వ అధ్యాయం). వీటిలో అశుచి అంటే పాపం కాదు. పిల్లల్ని కనమన్న దేవుడే సంసారాన్ని పాపమనడు. ప్రత్యక్ష గుడారంలోకి, బలిపీఠం దగ్గరికి రావడానికి అర్హత గురించిన నియమాలివి. ఆ గుడారం, ఆ బలిపీఠం లేనిచోట వాటి పని తీరిపోయింది.

అయినా క్రైస్తవ సంఘం దీన్ని ఒక్కమాటగా తేల్చలేదు. మూడో శతాబ్దంలో సిరియాలో పుట్టిన దిదస్కాలియా అనే గ్రంథం, ముట్టు రోజుల్లో స్త్రీలు ప్రార్థన మానక్కర్లేదంది. అదే శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ డియోనీసియస్ వారు ప్రభువు బల్లను సమీపించకూడదన్నాడు. ఆరో శతాబ్దం ముగిసి ఏడోది మొదలయ్యేవేళ పోప్ గ్రెగరీ పేర ఇంగ్లండుకు వచ్చిన జవాబులు స్త్రీని గుడికీ బల్లకూ అడ్డుకోవద్దంటూనే, భార్యను కలిసిన భర్త స్నానం చేసి కొంత ఆగి రావాలన్నాయి. 1549 ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో బాలింతకు 'శుద్ధి' క్రమం ఉంటే, 1552లో అది 'కృతజ్ఞతాస్తుతి' అయింది. అంటే మైల భావన ఒక్కసారిగా పోలేదు, మెట్టుమెట్టుగా వదిలింది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. ముట్టు సమయంలో భార్యను కలవవద్దన్న ఆజ్ఞ 15వ అధ్యాయంలోనే కాక, 18:19లో వావివరసలు, వ్యభిచారం పక్కనే ఉంది. 20:18లో శిక్ష కూడా కఠినమే. యెహెజ్కేలు 18:6 దాన్ని నీతిమంతుడి లక్షణాల్లో చేర్చింది. కనుక ఇది నైతిక ఆజ్ఞే అంటారు కొందరు. ఈ వాదనకు బలముంది. కానీ అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులకు యెరూషలేము సభ పంపిన జాబితాలో (అపొస్తలుల కార్యములు 15) ఈ నియమం పేరుపెట్టి లేదు. పైగా పౌలు మొదటి కొరింథీ పత్రిక 7వ అధ్యాయంలో భార్య దేహంపై భర్తకున్న అధికారమే భర్త దేహంపై భార్యకూ ఉందంటాడు. ఎడబాటు కావాలంటే ప్రార్థన కోసం, కొంతకాలం, ఇద్దరి సమ్మతితోనే అంటాడు. దినాల లెక్క ఉన్నచోట ఆయన సమ్మతిని నిలిపాడు. ముట్టు నియమం స్త్రీకి ఇచ్చిన విశ్రాంతి విలువ పోకూడదంటే, వద్దన్న భార్య మాటకు భర్త తలొగ్గడమే మార్గం. ఆమెను అపవిత్రురాలనడం కాదు.

పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ తన వస్త్రం ముట్టినప్పుడు యేసు ఆమెను మందలించలేదు, కుమారీ అని పిలిచాడు. కుష్ఠురోగిని ముట్టినదీ ఆయనే. బోధన్ పొలాల్లో ముట్టు రోజుల్లోనూ పనికి వెళ్ళే స్త్రీని కూలి దగ్గర ఆపని మైల, బల్ల దగ్గర ఆపితే అది ధర్మశాస్త్రం కాదు, ఊరి ఆచారం. డిచ్‌పల్లిని గర్వంగా చెప్పుకునే సంఘాలు ఆ న్యాయాన్నే ఇంటి గడప లోపలా పాటించాలి.